మిక్స్‌డ్ డబుల్స్‌లో కెరీర్: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

"సింగిల్స్‌లో కుదరకపోతే డబుల్స్ ఆడు. అక్కడా కుదరకపోతే మిక్స్‌డ్ ఉండనే ఉంది కదా!" బ్యాడ్మింటన్ కోర్టుల పక్కన కూర్చునే అలవాటున్న వాళ్లంతా ఈ మాట ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. నేనూ విన్నాను. ఒకప్పుడు నమ్మాను కూడా. అయితే 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ (ఒక మగ, ఒక ఆడ జోడీగా ఆడే డబుల్స్) ఫైనల్ ఒకసారి చూడండి. చైనా జోడీ జెంగ్ సివీ, హువాంగ్ యాకియోంగ్ 21-8, 21-11తో గెలిచారు. ఇంకెక్కడా చోటు దొరక్క వచ్చినవాళ్ల ఆట అలా ఉండదు. ఏళ్ల తరబడి ఈ ఒక్క ఆట కోసమే తయారైన ఇద్దరు మనుషులు వాళ్లు.

జూనియర్ స్థాయి దాటుతున్న ఆటగాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడే విషయాలు కొన్ని ఉన్నాయి. సింగిల్స్ వదలాలా? మిక్స్‌డ్ ఒక్కటే ఆడాలా, పక్కన ఇంకో డబుల్స్ కూడా పెట్టుకోవాలా? ఎవరితో ఆడాలి? జాతీయ జట్టులో ఉండాలా, సొంతంగా తిరగాలా? వీటిలో నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది "ఎవరితో" అన్నది. మిగతా మూడు ప్రశ్నలకూ జవాబు చాలాసార్లు దాన్ని బట్టే మారుతుంది.

ముందు సింగిల్స్ సంగతి

దీన్ని త్వరగానే తేల్చేయవచ్చు. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్ కోర్టు 6.1 మీటర్లు. తేడా మీటరు కూడా లేదు కానీ ఆట స్వభావమే మారిపోతుంది. డబుల్స్‌లో సర్వీస్ పడాల్సిన వెనక గీత బేస్‌లైన్ కంటే 76 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. అందుకే రిసీవ్ చేసేవాళ్లు ధైర్యంగా ముందుకు దూసుకొస్తారు. సర్వీస్ కాస్త పైకి లేచిందంటే పాయింట్ అక్కడికక్కడే పోయినట్టే. సర్వీస్, రిటర్న్, మూడో షాట్. సగం పాయింట్ల తలరాత ఈ మూడింటిలోనే రాసి ఉంటుంది.

సింగిల్స్‌కి కావాల్సింది వేరు. ప్రత్యర్థిని ఓపిగ్గా నాలుగు మూలలకీ తిప్పి, అలసిపోయేదాకా ఆగగలగాలి. తప్పైనా ఒప్పైనా మొత్తం తన నెత్తినే వేసుకునే మనస్తత్వం ఉండాలి. మీ అబ్బాయో అమ్మాయో ప్రాక్టీసులో పొడుగాటి ర్యాలీలకు విసుక్కుంటూ, నెట్ దగ్గర షటిల్ కనబడగానే కళ్లు మెరిపిస్తుంటే, ఆ మొగ్గు ఎటో ఆలోచించండి. ఓటముల లెక్క కంటే ఇది నమ్మదగ్గ గుర్తు.

డబ్బు దగ్గర మాత్రం ఒక చేదు నిజం ఉంది. ప్రపంచ టూర్‌లో టోర్నీలకు సూపర్ 1000, 750, 300, 100 లాంటి స్థాయిలున్నాయి, అంకె ఎంత పెద్దదైతే టోర్నీ అంత పెద్దది. 2025లో 14.5 లక్షల డాలర్ల బహుమతి ఉన్న సూపర్ 1000 టోర్నీలో సింగిల్స్ విజేతకు 7 శాతం, అంటే 1,01,500 డాలర్లు. డబుల్స్ విజేత జోడీకి 7.4 శాతం, అంటే 1,07,300. అది ఇద్దరూ పంచుకోవాలి కాబట్టి ఒక్కొక్కరికి 53,650. అంటే సింగిల్స్ విజేత అందుకునే దానిలో సగం కంటే కాస్త ఎక్కువ. స్పాన్సర్లు కూడా ఎక్కువగా సింగిల్స్ ముఖాల వెనకే పడతారు. డబుల్స్‌లో సంపాదన పెరగాలంటే రెండు విభాగాలు ఆడటం ఒక దారి. అందుకే తర్వాతి ప్రశ్న అంత తేలిగ్గా తెగదు.

ఒక్క మిక్స్‌డేనా, రెండూనా?

రెండూ ఆడి శిఖరం ఎక్కినవాళ్లు ఉన్నారు. జావో యున్‌లీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ స్వర్ణం, మిక్స్‌డ్ స్వర్ణం రెండూ ఇంటికి తీసుకెళ్లింది. ఒకే ఒలింపిక్స్‌లో రెండు బ్యాడ్మింటన్ స్వర్ణాలు అంతకుముందు ఎవరూ గెలవలేదు. జపాన్ ఎడమచేతి ఆటగాడు యుటా వతనబె 2021 ఆల్ ఇంగ్లండ్ టోర్నీలో హిరొయుకి ఎండోతో పురుషుల డబుల్స్, అరిసా హిగషినోతో మిక్స్‌డ్ గెలిచాడు. కొరియాకు చెందిన సియో సెంగ్‌జే 2023 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే పని చేశాడు.

వీళ్లను చూసి "మనమూ రెండూ ఆడదాం" అనుకునే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. 32 జోడీల డ్రాలో టైటిల్ గెలవాలంటే ఐదు మ్యాచ్‌లు. రెండు విభాగాల్లోనూ ఫైనల్‌కి వెళ్తే పది. మంగళవారం మొదలై ఆదివారం ముగిసే టోర్నీలో అవి ఆరు రోజుల్లో అయిపోవాలి. ఆదివారం రాత్రి విమానం ఎక్కి మంగళవారానికి ఇంకో దేశంలో మళ్లీ మొదటి రౌండ్ ఆడాలి. ఇది ఒక వారం అయితే భరించొచ్చు, వరసగా మూడు వారాలంటే మోకాళ్లు, భుజం చెప్పే మాటే చివరి మాట. ఒక్క విభాగం ఆడినా ఈ ఆట ఒంటిని ఎంత పిండుతుందో పారిస్ సెమీఫైనల్ చూపించింది. కొరియా ఆటగాడు కిమ్ వొన్‌హో ఆ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ మాత్రమే ఆడాడు. అయినా మూడో గేమ్ మధ్యలో కోర్టులోనే వాంతి చేసుకుని, మళ్లీ నిలబడి ఆ మ్యాచ్ గెలిచాడు.

ఒకదాన్ని వదులుకుని బాగుపడిన కథల్లో నాకు బాగా నచ్చేది జెంగ్ సివీ, చెన్ కింగ్‌చెన్‌లది. ఇద్దరూ జోడీగా 2016 చివర్లో ప్రపంచ నంబర్ వన్. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ కూడా ఆడారు. అంత బాగా నడుస్తున్న బండిని ఎవరైనా ఆపుతారా? చైనా కోచ్‌లు ఆపారు. చెన్ అప్పటికే జియా యిఫాన్‌తో మహిళల డబుల్స్ కూడా ఆడుతోంది. జెంగ్‌ని హువాంగ్ యాకియోంగ్‌తో కలిపారు, చెన్ క్రమంగా మహిళల డబుల్స్‌కే పరిమితమైంది. ఫలితం ఏమిటంటే, జెంగ్, హువాంగ్ 2018, 2019, 2022ల్లో ప్రపంచ చాంపియన్లు అయ్యారు. చెన్, జియా 2017లో గెలిచినదానికి తోడు ఇంకో మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచారు. పారిస్‌లో రెండు స్వర్ణాలు, ఆ విడిపోయిన ఇద్దరి మెడలోనూ ఒక్కొక్కటి.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. పారిస్ సెమీఫైనల్లో కిమ్ వొన్‌హో ఓడించినది ఎవరినో కాదు, తన దేశానికే చెందిన సియో సెంగ్‌జే జోడీని. ఆ తర్వాత ఆ ఇద్దరు మగవాళ్లే పురుషుల డబుల్స్‌లో జత కట్టి, 2025లో ప్రపంచ చాంపియన్లయ్యారు. అంటే మిక్స్‌డ్‌లో గడిపిన ఏళ్లు వృథా పోలేదు. నెట్ దగ్గర నేర్పు, షటిల్‌ని బలంగా కొట్టకుండా ఖాళీలోకి జార్చే ఓర్పు మిక్స్‌డ్‌లో అబ్బుతాయి. కేవలం స్మాష్ మీద బతికే కుర్రాళ్లకు ఇవి త్వరగా రావు. మన సాత్విక్ సాయిరాజ్ కూడా మొదట్లో అశ్విని పొన్నప్పతో మిక్స్‌డ్ ఆడాడు. తర్వాత చిరాగ్ శెట్టితో పురుషుల డబుల్స్ మీదే నిలబడి 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

ఇక్కడ అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకే సలహా ఇవ్వడం నాకు సరికాదనిపిస్తుంది.

అమ్మాయిల విషయం ముందు. మహిళల డబుల్స్‌లో ర్యాలీలు పొడుగు. డిఫెన్స్, లిఫ్ట్, మళ్లీ డిఫెన్స్. ఊపిరికి పరీక్ష. మిక్స్‌డ్‌లో ర్యాలీ చిన్నది, కానీ అవతలి నుంచి వచ్చేది మగవాడి స్మాష్. ప్రత్యర్థులు దాదాపు ప్రతి పాయింట్‌లోనూ అమ్మాయిని వెనక్కి నెట్టి, ఆమె మీదికే కొట్టాలని చూస్తారు. నెట్ దగ్గర షటిల్‌ని ముందే పసిగట్టి అడ్డుకునే కన్ను, ఒంటి మీదికి వచ్చే స్మాష్‌కి బెదరని చేయి, ఈ రెండూ ఉన్న అమ్మాయి మిక్స్‌డ్‌కి పుట్టినట్టే. ఆమె ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే మిక్స్‌డ్‌ని ప్రధానం చేసుకోవచ్చు. ఊపిరి బలం ఉండి నెట్ దగ్గర కాస్త నెమ్మది అయితే మహిళల డబుల్సే మేలు, మిక్స్‌డ్ పక్కన ఉంచుకోవచ్చు.

అబ్బాయిలకు మిక్స్‌డ్‌లో పని ఎక్కువ భాగం వెనక కోర్టులో, అదీ పక్కలకు. ఇద్దరు మగవాళ్లు చోట్లు మార్చుకుంటూ ఆడే డబుల్స్‌లో ఉన్నంత విశ్రాంతి ఇక్కడ ఉండదు. వెనక మొత్తం ఒక్కడే చూసుకోవాలి, కొట్టిన వెంటనే తర్వాతి షటిల్‌కి కాళ్లు సిద్ధంగా ఉండాలి. కొట్టుడు ఎంత గట్టిగా ఉన్నా కాళ్లు నెమ్మదైతే మిక్స్‌డ్‌లో బయటపడిపోతాడు. ఎత్తు తక్కువైనా కాళ్లు చురుగ్గా, చేయి తెలివిగా ఉన్న అబ్బాయికి మాత్రం ఇది మంచి చోటు.

రెండూ ఆడటంలో ఇంకో లాభం ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోరు. మిక్స్‌డ్ పార్ట్‌నర్‌కి గాయమై ఆరు నెలలు దూరమైతే, ఒక్క మిక్స్‌డే ఆడేవాళ్లు ఆ ఆరు నెలలూ గ్యాలరీలో కూర్చోవాల్సిందే. రెండో విభాగం అప్పుడు బీమాలా పనిచేస్తుంది. అందుకే ఇరవై ఏళ్ల దాకా రెండూ ఆడమనే చెబుతాను. ఆ తర్వాత రెండింటిలో ఏ జోడీ ర్యాంకు వేగంగా పైకి పోతోందో ఒక ఏడాది గమనించి, దాని వైపు బరువు వేయండి. ఇరవై ఐదు దాటినా రెండు పడవల మీద కాళ్లు పెట్టి లాగుతున్నారంటే, రెండింటిలోనూ క్వార్టర్ ఫైనల్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఎక్కువ.

ఎవరితో?

ముందు ఒక నియమం అర్థం చేసుకోవాలి. డబుల్స్ ర్యాంకింగ్ జోడీది, ఆటగాడిది కాదు. గత 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడిన టోర్నీల్లో మెరుగైన పదింటి పాయింట్లే లెక్క. పార్ట్‌నర్ మారితే ర్యాంకింగ్ జాబితాలో కొత్త జోడీ అట్టడుగు నుంచి మొదలవుతుంది. ఎంట్రీలు, సీడింగ్ దగ్గర ఇద్దరి పాత రికార్డును కొంతమేర పట్టించుకునే ఏర్పాటు ఉన్నా, పోగొట్టుకునేది మాత్రం తక్కువ కాదు. సింగిల్స్ ఆటగాడు కోచ్‌ని మార్చినా తన పాయింట్లు తన వెంటే వస్తాయి. మిక్స్‌డ్‌లో ఆస్తి ఉమ్మడిది. వేరు పడితే ఎవరి చేతికీ పెద్దగా ఏమీ మిగలదు.

అలాంటప్పుడు ఎలాంటి పార్ట్‌నర్‌ని చూసుకోవాలి?

అనుభవం ఉన్న పెద్దవాళ్లతో జత కట్టడం మొదటి దారి. ఇండోనేసియాకు చెందిన లిలియానా నాట్సిర్ తనకంటే చాలా పెద్దవాడైన నోవా విడియాంటోతో కెరీర్ మొదలుపెట్టి 2005, 2007లో ప్రపంచ టైటిళ్లు, 2008లో ఒలింపిక్ రజతం గెలిచింది. అతని కాలం ముగిశాక తనకంటే చిన్నవాడైన తొంతొవీ అహ్మద్‌తో ఆడి 2013, 2017 ప్రపంచ టైటిళ్లు, 2016 రియో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. మొదటి సగంలో నేర్చుకుంది, రెండో సగంలో నేర్పింది. ఈ దారిలో త్వరగా పైకి వెళ్తారు, పెద్ద మ్యాచ్‌ల్లో టెన్షన్ పంచుకోవడానికి అనుభవం పక్కనే ఉంటుంది. కాకపోతే పెద్దవాళ్లు ముందు రిటైరవుతారు. ఇంకో చిక్కు, చిన్నవాళ్లు అణిగిపోవడం. కోర్టులో ఐదేళ్లు ఒకరి మాటే విని ఆడినవాళ్లు ఆరో ఏడు సొంతంగా నిర్ణయం తీసుకోలేక తడబడటం నేను చూశాను.

ఈడు సరిపోయినవాళ్లతో కలిసి ఎదగడం రెండోది. మొదటి రెండు మూడేళ్లు ఓటములే కనబడతాయి. ఇక్కడ ఓపిక లేక విడిపోయిన జోడీలే ఎక్కువ. కానీ నిలిచిన జోడీకి ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోతుంది, పిలవాల్సిన పని లేదు. దేశంలో మిక్స్‌డ్‌కి లోతు తక్కువైతే, అంటే మీకు పైన అనుభవం ఉన్నవాళ్లే లేకపోతే, ఎలాగూ ఇదే దారి.

మూడోది జీవితంలోనూ జంటగా ఉన్నవాళ్లు. ఇంగ్లండ్‌కు చెందిన క్రిస్, గాబీ ఆడ్‌కాక్ దంపతులు 2014, 2018 కామన్‌వెల్త్ క్రీడల స్వర్ణాలు గెలిచారు. ప్రయాణాలు కలిసి, ఖర్చు కలిసి, నమ్మకం సరేసరి. నాకు ఇందులో ఒకటే అనుమానం. మొదటి రౌండ్లో ఓడిన రాత్రి కూడా అదే గదిలో అదే మనిషి. కోర్టు గొడవ కోర్టులోనే వదిలేయగల జంటలకు ఇది వరం. వదల్లేని వాళ్లు ఇంకొకరితో ఆడటమే ఇద్దరికీ మంచిది. ఆట కోసం ప్రేమ, ప్రేమ కోసం ఆట, రెండూ వద్దు.

పార్ట్‌నర్‌ని పరీక్షించడానికి రెండు టోర్నీలు చాలవు, కనీసం ఆరేడు ఆడండి. గెలిచిన మ్యాచ్‌లు పెద్దగా ఏమీ చెప్పవు. 18-18 దగ్గర మీరు సర్వీస్ నెట్‌కి కొట్టినప్పుడు పక్కనున్న మనిషి ముఖం చూడండి. 11 పాయింట్ల విరామంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు తలూపుతున్నారు? మూడు మ్యాచ్‌లు వరసగా ఒకరే మాట్లాడి ఒకరే తలూపుతుంటే, ఆ జోడీలో ఏదో తేడా ఉన్నట్టే. చాలామంది కోచ్‌లు కూడా ఆ విరామంలో అబ్బాయి వైపు తిరిగే చెబుతారు. "ఆమెని కొంచెం ముందుకు రమ్మను" అని ఆమె పక్కనే నిలబడి ఉండగా అతనితో అంటారు! ఇలాంటి కోచ్ దగ్గర అమ్మాయి ఎదుగుదల ఆగిపోతుంది, దాంతో జోడీదీ ఆగుతుంది. ఈ విషయంలో మొహమాటపడకుండా మార్చమని అడగాలి, మారకపోతే కోచ్‌నే మార్చుకోవాలి.

ఆట పరంగా చూడాల్సింది ఒకరి లోటు ఇంకొకరు పూడుస్తున్నారా అని. ఇద్దరికీ ముందు కోర్టే ఇష్టమైతే వెనక ఖాళీ. ఒకరు ఎడమచేతి వాటమైతే లాభమే, ఎందుకంటే ఇద్దరి బలమైన చేతులూ వేర్వేరు వైపులకు వస్తాయి, ప్రత్యర్థికి అలవాటైన కోణాలు చెదిరిపోతాయి. కానీ ఎడమచేతి వాటం కోసమే ఎవరినో పట్టుకొచ్చి జత కట్టకండి. సర్వీస్ బాగా చేసే కుడిచేతి పార్ట్‌నర్, సర్వీస్ వణికే ఎడమచేతి పార్ట్‌నర్ కంటే ఎప్పుడూ మేలే.

విడిపోవడం అంటే ముగింపే అని కూడా అనుకోనక్కర్లేదు. మలేసియా జోడీ చెన్ టాంగ్ జీ, తో ఈ వీ 2025 మొదట్లో విడిపోయారు. కొన్ని వారాలకే మళ్లీ కలిశారు. అదే ఏడాది పారిస్‌లో తమ దేశానికి మొట్టమొదటి మిక్స్‌డ్ ప్రపంచ టైటిల్ తెచ్చారు. వాళ్ల మధ్య ఏం మాటలు నడిచాయో బయటివాళ్లం మనం ఊహించడం అనవసరం. మనకు పనికొచ్చేది ఒకటే. కోపంలో విడిపోతే తలుపు మూయకుండా బయటికి రండి.

జట్టు నీడలోనా, సొంత కాళ్ల మీదా?

జాతీయ జట్టులో ఉంటే కోచ్, ఫిజియో, ప్రయాణం, షటిళ్లు, ప్రాక్టీసుకి గట్టి జోడీలు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. బదులుగా మీరు వదులుకునేది నిర్ణయం. ఎవరితో ఆడాలో, ఏ టోర్నీకి వెళ్లాలో మీకు ఇంకొకరు చెబుతారు. సింగిల్స్ ఆటగాడికి ఇది అంత పెద్ద విషయం కాదు. మిక్స్‌డ్ వాళ్లకు చాలా పెద్దది, ఎందుకంటే పైన చెప్పినట్టు పార్ట్‌నర్ మారితే ర్యాంకే పోతుంది.

సొంతంగా ఆడితే పార్ట్‌నర్ మీ ఇష్టం, క్యాలెండర్ మీ ఇష్టం, బిల్లులు కూడా మీవే. రియోలో రజతం గెలిచిన చాన్ పెంగ్ సూన్, గో లియు యింగ్ 2018 ముగిశాక మలేసియా జాతీయ శిబిరం వదిలి సొంతంగా తిరిగారు, టోక్యో ఒలింపిక్స్‌కీ అర్హత సాధించారు. కానీ వాళ్ల వెనక ఒలింపిక్ పతకం ఉంది, ఆ పేరు చూసి వచ్చే స్పాన్సర్లు ఉన్నారు. ర్యాంకు 80లో ఉన్న జోడీ అదే ధైర్యం చేస్తే లెక్క కుదరదు. 2025లో 2,40,000 డాలర్ల సూపర్ 300 టోర్నీ గెలిస్తేనే జోడీకి వచ్చింది సుమారు 19 వేల డాలర్లు. గెలిస్తేనే! రెండో రౌండ్లో ఓడితే వచ్చే సొమ్ము విమాన టికెట్లకే సరిపోదు. పైగా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గెలిచినా బహుమతి డబ్బే ఉండదు, పతకం మాత్రమే.

నా సలహా మొరటుగా ఉంటుంది. జట్టులో చోటు దొరుకుతుంటే మొదటి ముప్పై ర్యాంకుల్లోకి వచ్చేదాకా అక్కడే ఉండండి, వాళ్లు చెప్పిన పార్ట్‌నర్ నచ్చకపోయినా సరే. బయటికి రావాలనుకుంటే కనీసం ఏడాదిన్నర ఖర్చు చేతిలో ఉండాలి. ఇద్దరూ ఒకేసారి రావాలి. ఒకరు లోపల, ఒకరు బయట ఉన్న జోడీ ప్రాక్టీసుకి కలవడానికే సగం ఏడాది పోతుంది. ఖర్చులు, బహుమతి, స్పాన్సర్ డబ్బు ఎలా పంచుకోవాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. స్నేహితులే అయినా రాసుకోండి. దంపతులైతే మీ ఇష్టం.

చిన్న టోర్నీల్లో గెలవడమా, పెద్దవాటిలో ఓడటమా?

ఇది సరదాగా వినబడే ప్రశ్నే కానీ పాయింట్ల పట్టిక చూస్తే సరదా పోతుంది. ఇంటర్నేషనల్ చాలెంజ్ అనే కింది స్థాయి టోర్నీ గెలిస్తే 4,000 పాయింట్లు, సెమీస్‌లో ఓడితే 2,800. సూపర్ 1000లో మొదటి రౌండ్లోనే ఓడినా 3,000. గెలిస్తే 12,000. అంటే పెద్ద డ్రాలో అడుగుపెట్టగలిగిన జోడీ ఒక్క మ్యాచ్ గెలవకుండానే, చిన్న టోర్నీలో మూడు రౌండ్లు నెగ్గినవాళ్లను దాటిపోతుంది. అన్యాయమే, కానీ నిచ్చెన ఇలాగే ఉంది.

అందుకని కింద ఉన్నప్పుడు చిన్న టోర్నీలు వరసగా ఆడి, ఎంట్రీ దొరికే ర్యాంకు రాగానే పెద్దవాటికి మారిపోవడం తెలివైన పని. మార్పు ఒక్కసారిగా చేయకండి. నాలుగు పెద్దవాటిలో మొదటి రౌండ్ ఓటములు తగిలితే, మధ్యలో ఒక సూపర్ 300 కానీ సూపర్ 100 కానీ పెట్టుకోండి. సెమీస్ దాకా వెళ్లి, బిగుసుకుపోయిన మ్యాచ్‌ని గెలవడం ఎలా ఉంటుందో చేతులకు గుర్తుచేయాలి. మొదటి పది ర్యాంకుల్లోకి వచ్చాక ఈ వెసులుబాటు కూడా ఉండదు. సూపర్ 1000, సూపర్ 750 టోర్నీలు తప్పనిసరిగా ఆడాల్సిందే.

నన్నడిగితే

పద్దెనిమిదేళ్ల అమ్మాయి. నెట్ దగ్గర చురుకు, సింగిల్స్‌లో జూనియర్ ర్యాంకు బాగానే ఉంది, ఊపిరి మాత్రం మూడో గేమ్‌కి అందడం లేదు. సింగిల్స్ ఒక్క ఏడాదిలో మెల్లగా తగ్గించి, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ రెండూ మొదలుపెట్టమంటాను. మిక్స్‌డ్‌లో తనకంటే ఐదారేళ్లు పెద్దవాడు దొరికితే వదలొద్దు.

ఇరవై రెండేళ్ల అబ్బాయి. పురుషుల డబుల్స్‌లో ర్యాంకు 60, మిక్స్‌డ్‌లో 35. చాలామంది "పురుషుల డబుల్స్‌కి గౌరవం ఎక్కువ" అని అటే లాగుతారు. అంకెలు ఇటు చూపిస్తున్నాయి కాబట్టి నేను మిక్స్‌డే అంటాను, పురుషుల డబుల్స్ నెలకొకటి ఆడుతూ. తన దేశంలో తనకంటే పైన ఇంకో రెండు మిక్స్‌డ్ జోడీలు గట్టిగా కూర్చుని ఉంటే మాత్రం ఒకసారి ఆగి ఆలోచించాలి. పారిస్ ఒలింపిక్స్‌కి డబుల్స్ విభాగం ఒక్కోదానిలో 16 జోడీలకే చోటు ఉంది. ఒక దేశం నుంచి రెండు జోడీలు వెళ్లాలంటే రెండూ మొదటి ఎనిమిది ర్యాంకుల్లో ఉండాల్సి వచ్చింది. సొంత దేశంలో మూడో జోడీగా ఉండటం, ప్రపంచంలో పదో జోడీగా ఉన్నా సరే, ఒలింపిక్స్ టీవీలో చూడటమే.

ఇరవై ఎనిమిదేళ్లు, పార్ట్‌నర్ రిటైర్ అవుతున్నాడు లేదా అవుతోంది. జెంగ్ సివీ పారిస్ స్వర్ణం గెలిచిన ఏడాదే, 27 ఏళ్లకే, కుటుంబం కోసమని అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకున్నాడు. కాబట్టి ఇది ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు ఆపేయాలా? టోక్యోలో వాంగ్ యీల్యూతో స్వర్ణం గెలిచిన హువాంగ్ డాంగ్‌పింగ్ ఆ తర్వాత తనకంటే బాగా చిన్నవాడైన ఫెంగ్ యాన్‌జేతో మళ్లీ మొదలుపెట్టి పెద్ద టైటిళ్లు గెలిచింది. గాయాలు లేకపోతే, మీ కంటే చిన్నవాళ్లకు నేర్పే ఓపిక ఉంటే ఇంకో నాలుగేళ్లు ఆడొచ్చు. ఆ ఓపిక లేకపోతే, ర్యాంకు ఉన్నప్పుడే కోచింగ్ వైపు వెళ్లడం మంచిది. డబుల్స్‌ని అర్థం చేసుకున్న కోచ్‌లు ఎక్కడైనా తక్కువే, అందులో మిక్స్‌డ్ ఆడే అమ్మాయికి చెప్పాల్సింది నేరుగా ఆమెతోనే మాట్లాడగలిగేవాళ్లు మరీ తక్కువ.